ఒక్క చోటే బుడగలు

"అవి మా అన్న బుడగలే! నీ దోనె అవతలికి తియ్యి!" తెడ్డు ఊపుతూ అరిచాడు నార్విన్.

"మీ అన్నవని వాటి మీద రాసుందా? కింద ఉన్నది మా నాన్న," అన్నాడు క్లీవ్.

మిస్కీటో అనే చిన్న దీవుల దగ్గర సముద్రం కాస్త అలజడిగా ఉంది. నార్విన్ అన్న హెడ్లీ, క్లీవ్ తండ్రి అల్పియో వీపులకి గాలి సిలిండర్లు కట్టుకుని రాతిరొయ్యల కోసం దిగారు. ఎవరి మనిషి ఊపిరి బుడగల వెంట వాళ్ళు దోనె నడుపుకోవాలి. ఇందాకటి దాకా రెండు చోట్ల లేచిన బుడగలు ఇప్పుడు ఒక్క చోటే లేస్తున్నాయి. ఇద్దరిలో ఒకరికి గాలి అయిపోయింది.

రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. వల నువ్వు చించావంటే నువ్వు చించావని హెడ్లీ, అల్పియో చర్చి ముందే కొట్టుకున్నారు. హెడ్లీ మునిగిపోతున్నా చెయ్యివ్వనని అల్పియో ఒట్టేశాడు కూడా.

"మీ నాన్నే మా అన్నని ఏదో చేసుంటాడు!"

"నోరు ముయ్యి! అరవయ్యేళ్ళ మనిషి ఏం చేస్తాడ్రా?"

"అయితే ఆయన్నే లీవా పట్టుకునుంటుంది. బుట్ట నిండినా పైకి రాడుగా మీ నాన్న, ఆశపోతు!"

ఆశపోతుల్ని సముద్రపుతల్లి లీవా ఊరికే వదలదని తీరమంతా నమ్ముతుంది. క్లీవ్ తెడ్డు ఎత్తాడు. కొట్టలేక, దోనెలో కూలబడి ఏడ్చాడు.

"చూడు, గబగబా చిన్న బుడగలు. మా అన్న కంగారు మనిషి, ఊపిరీ అంతే," అన్నాడు నార్విన్.

"మధ్యలో పెద్దవి కనబడట్లా? నిదానంగా, అచ్చం మా నాన్న పీల్చినట్టే."

ఎవరికి కావలసినవి వాళ్ళకి కనబడుతున్నాయి. దూకుదామంటే ఇద్దరి దగ్గరా ఇంకో సిలిండర్ లేదు. వాళ్ళని తెచ్చిన పెద్ద పడవ అరుపులకి అందనంత దూరంలో ఉంది.

'ప్రభువా, మిగిలింది మా అన్నే కావాలి. ముసలాయన పోతే పోనీ,' అని మొక్కుకున్నాడు నార్విన్. సిగ్గు కూడా వెయ్యలేదు. క్లీవ్ పెదాలు కూడా కదులుతున్నాయి. ఎవరి చావు కోరుతున్నాడో నార్విన్‌కి తెలుసు.

బుడగలు ఒత్తయ్యాయి. నీటి కింద నల్లగా ఏదో కదిలింది. ఇద్దరూ దోనెల అంచుల మీదికి వంగి చేతులు చాపారు.

ఒకే సిలిండర్ గొట్టం నుంచి చెరో గుక్క గాలి పంచుకుంటూ హెడ్లీ, అల్పియో తేలారు.