నాయనమ్మ దగ్గు

నోటితో చెబితే చాలు, వీడియో తయారైపోయే రోజులవి. 'మా ఇంటి మనిషి' అనే ప్రాజెక్టుకి తరగతిలో ముప్పై మంది ముప్పై అందమైన వీడియోలు తెచ్చారు. ఒక్కదానిలోనూ ఇంటి మనుషులు లేరు. స్రవంతి టీచర్ పట్టుబట్టి, కెమెరాతో తీసి తెమ్మంటే లహరి ఒక్కతే తెచ్చింది. అందులో వాళ్ల నాయనమ్మ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది, మధ్యమధ్య దగ్గుతోంది. బొమ్మ వణికితే వణికింది గానీ, చాన్నాళ్లకి క్లాసులో ఒక మనిషిని చూసినట్టయింది టీచరుకి.

అయితే మార్కులు వేసే బడి యంత్రం తాను దిద్దనిదే ఏ వీడియోనూ తీసుకోదు. పొగాకు పిల్లలకి చూపకూడదు గనక బీడీలు తీసేసి ముసలామె చేత మల్లెదండ అల్లించింది. దగ్గును కూనిరాగం చేసింది. లహరికి పూర్తి మార్కులొచ్చాయి.

నెల తిరక్కముందే ముసలామె పోయింది. దినాలయ్యాక లహరి బడికొస్తే టీచరు దగ్గరికి పిలిచింది. దిద్దకముందు తీసిన వీడియో ఆ పిల్ల దగ్గరైనా ఉంటుందన్న ఆశ ఒక్కటే ఆమెకి మిగిలింది.

"బిడ్డా, నువ్వు మొదలు తీసింది భద్రంగ పెట్టుకున్నవా?"

"లేదు టీచర్, గప్పుడే తీసేసిన. అండ్ల నాయనమ్మ దగ్గుతుండె గద." లహరి ఫోను తెరిచి మల్లెదండ చూపించింది. "దినాల నాడు అందరికీ గిదే పెట్టినం. మా బాపు అయితే 'మా అమ్మ పూలు ఎంత మంచిగ అల్లేదో' అనుకుంట మస్తు ఏడ్చిండు."