మూజువాణి ఓటు

మండలంలో డయాలసిస్ కేంద్రం మూసేసిన దగ్గర్నుంచి పైడితల్లి తన మొగుడు దానయ్యని వారానికి మూడుసార్లు పట్నం తిప్పుతోంది. రేపు పార్లమెంటు ఓట్లు. మళ్లీ నిలబడ్డ పాత ఎంపీ, ఆ కేంద్రాలు మూసే చట్టానికి సభలో తానే అడ్డం పడ్డానని ఊరూరా ఒట్టేస్తున్నాడు. అందరిళ్లలో ఉన్నట్టే వీళ్ల గోడకూ ఇంట్లో సంగతులు రాసుకుంటూ, అడిగితే సర్కారు రికార్డులు చదివి చెప్పే పెట్టె ఉంది. చింతపండు పిసుకుతూ పైడితల్లి దాన్నే అడిగింది.

"ఆయన ఔనన్నాడా, కాదన్నాడా?"

"మూజువాణి ఓటు, పైడితల్లిగారూ. అందరూ ఒక్కసారే అరిచారు. పేర్లు రాయలేదు."

"నిన్న నేనెన్ని టీలు తాగినానో సెప్తావు, ఆల పేర్లు నేవా నీకాడ?"

మంచంలోంచి దానయ్య నవ్వాడు. "మన గుట్టు రాత్తాది గానీ, ఆల గుట్టు రాత్తాదేటే?"

"అయితే ఆ అరుపే ఇనిపించు."

"ఔను!" అని సభ హోరెత్తింది. కాదనేవారు చెప్పండి, అన్నాడు సభాపతి.

పైడితల్లి చెయ్యి ఆపి చెవి ఒగ్గింది. పెట్టెలో ఎవరో దగ్గారు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

"పెట్టె ఆగిపోనాదేటే?" అన్నాడు దానయ్య.

"నేదు మావా. ఆయన అడ్డం పడ్డది ఇదే."