కొంగుముడి

రెండు జతల బట్టలు, డబ్బాలో సర్వపిండి, భర్త ఓదెలు మోకాళ్లకు రాసుకునే మందు సంచిలో సర్దింది గట్టవ్వ. ఆయన బొగ్గుబావిలో రిటైరైన నెలకే ఇద్దరూ ధర్మపురి చూడబోయారు. మందమర్రి నుంచి బస్సులు మారి మారి గోదావరి రేవు చేరేసరికి చీకటిపడింది.

"రేపు పొద్దుగాల తానం చేద్దామయ్య, నాకు గుబులైతున్నది."

"ధర్మపురికొచ్చినోళ్లకు యమపురి లేదంటరు. ఇంకేం ఫికరే నీకు? జల్ది మునిగి, యముని గుడి చూసి పందాం."

దంపతులు మునిగే పద్ధతిలో ఆమె కొంగును ఆయన కండువాకు ముడివేసి, మూడు మునకలు వేశారు. రేవులో ఇంకెవరూ లేరు. నీళ్ల చప్పుడు కూడా లేదు.

మెట్లెక్కుతుంటే ఆమె కాళ్లు పీకాయి. వెనక నుంచి కండువా బరువుగా లాగుతోంది.

"జర మెల్లగ నడువే, అలిసిపోయిన," అంది ఆయన గొంతు.

పై మెట్టు దగ్గర లైటు వెలుతురులో ముడి విప్పబోయింది. కొంగు నీళ్లోడుతోంది. కండువా మాత్రం అప్పుడే బీరువాలోంచి తీసినట్టు పొడిగా ఉంది.

"ఏమయ్య, నువ్వు మునగలేదా?"

కండువా రెండో చివరను చీకట్లో ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు.

ముప్పై ఏళ్లు బొగ్గుబావిలోకి దిగి రోజూ పైకి వచ్చిన ఓదెలు, నిరుడు శివరాత్రికి రెండు రోజుల ముందటి ఆ రాత్రి గోదావరిలో దిగి మళ్లీ రాలేదు.