మామిడికాయ పడని పులుసు

అత్త ఎస్తేరమ్మ మీద ఎలిశబెతు ఫిర్యాదు ఒక్కటే. ప్రయాణాలు పెట్టేది ఆమె, పాట్లు పడేది కోడలు.

ఎస్తేరమ్మ పడవెక్కిందంటే రేవు దాటేలోపు అందరి ఇంటిపేర్లూ, కాన్పులూ, కీళ్లనొప్పులూ ఆమె కొంగున ముడిపడేవి. పరాయివాళ్లతో కూర్చుని అన్నం తినడమంటే ఆమెకి పండగ. ఎలిశబెతు గుంటూరులో బి.ఏ. చదివింది గానీ, ముక్కూ మొహం తెలియని మనిషి "బాగుండారా?" అంటే తర్వాత ఏమనాలో ఆ చదువులో ఎక్కడా చెప్పలేదు. "నీ చదువు పుస్తకంలోనే ఉండాది, నోట్లోకి రాలేదు" అనేది అత్త. సరిగ్గా మాటలు కావలసిన ఈ సాయంత్రం అత్త నోటి సాయం లేకుండా పోయింది.

పడవ శ్రీహరికోట నుంచి కాలవ మీద కృష్ణపట్నం పోతోంది. ఆడబిడ్డ మొగుడు శ్రీహరికోటలో ఫారెస్టు గార్డు. వాళ్లింటి నుంచి ఎలిశబెతూ, ఆమె భర్త జకరయ్యా కృష్ణపట్నం పక్కనున్న ముత్తుకూరుకు ఒక పెద్ద పెట్టె తెస్తున్నారు. లోపల చర్చికి కొత్త బల్ల ఉందని జకరయ్య పడవ నడిపే సరంగుతో చెప్పాడు. పదేళ్లుగా బడిపంతులు. అబద్ధమాడటం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

సరంగుకు నిజం తెలిస్తే పెట్టెతో సహా ఏ ఇసకదిబ్బ మీదో దించేస్తాడు. మళ్లీ పడవ ఎల్లుండి గానీ లేదు. తెల్లవారితే ముత్తుకూరులో పాస్టరుగారూ, ఊరి జనమూ కాచుకుని ఉంటారు. ఆలస్యానికి ఆగే వ్యవహారం కాదు.

"వాళ్లని మాటల్లో పెట్టు" అన్నాడు జకరయ్య పెళ్లాం చెవిలో.

"మీరు పెట్టొచ్చుగా?"

"నా వల్ల కాదు."

వాళ్లంటే ఎదురుగా కూర్చున్న వెంకయ్య, పేరమ్మ. కృష్ణపట్నం వాళ్లు. వెంకయ్య పడవలు కట్టే వడ్రంగి. పడవలో ఇంకే మనిషి ఉన్నా ఎలిశబెతు ఇంత భయపడేది కాదు.

పొద్దు గూకుతుండగా పేరమ్మ మట్టి దాకలో తెచ్చిన పులుసు మూట విప్పింది. "కింద తడిగా ఉండాది. ఇదే మన బల్ల" అంటూ పెట్టె మీద నాలుగు ఆకులు పరిచేసింది. ఎలిశబెతు చెయ్యి వద్దనడానికి లేచి, ఏ కారణం చెప్పాలో తోచక గాలిలోనే ఆగిపోయింది.

వెంకయ్య పెట్టెను వేలితో కొట్టి చూశాడు. "మామిడి చెక్క. ఏంది అయ్యవారూ, దేవుడి బల్లని మామిడి పెట్టెలో పెట్టినారు. టేకు దొరకలేదా?"

"తొందరలో అదే దొరికింది" అన్నాడు జకరయ్య.

"ఒకసారి మూత తీయండి. లోపల పని ఎట్టా చేసినారో చూస్తా."

"పనామా కాలవ అని ఒకటుందండీ" అంది ఎలిశబెతు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. గుంటూరు చదువు అక్కరకొచ్చిన మొదటి సందర్భం అది. సముద్రానికీ సముద్రానికీ మధ్య తవ్వారనీ, ఓడలు నీటి మెట్లెక్కి దిగుతాయనీ చెప్పింది.

"ఆడ చేపలు పడతాయా?" అంది పేరమ్మ.

తెలీదు. పనామా కాలవ అక్కడితో ఎండిపోయింది.

వెంకయ్య వేళ్లు పెట్టెకు కట్టిన తాడు ముడి మీదికి పోయాయి. "ప్రార్థన చేద్దాం" అన్నాడు జకరయ్య గబుక్కున. మూత మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. వెంకయ్య ముడి వదిలి చేతులు కట్టుకున్నాడు. ప్రార్థన సాగింది. సగంలో జకరయ్య కన్నీళ్లు మూత మీద పడ్డాయి.

"కూడు తినేదానికి ఇంత ఏడుపేంది అయ్యవారూ?" అంది పేరమ్మ. "ఇంకా కారం వడ్డించనే లేదు."

వడ్డించింది. మొదటి కాపు మామిడి పిందెలు పడ్డ చేపల పులుసు.

పధ్నాలుగేళ్ల యుద్ధం ఆ పులుసు మీదే. చింతపండు ఉండగా ఇంకో పులుపు దేనికని ఎలిశబెతు. మామిడికాయ పడని చేపల పులుసు పాటల్లేని ఆదివారం లాంటిదని అత్త. కిందటి నెల అది ముదిరింది. "'తప్పు నాదే' అని నీ నోటితో ఒక్కసారి ఒప్పుకో, చాలు" అంది అత్త. "ఈ జన్మలో ఒప్పుకోను" అంది ఎలిశబెతు. అత్త సంచి సర్దుకుని శ్రీహరికోటలో కూతురింటికి పడవెక్కింది.

నిన్నటి నుంచి ఎలిశబెతుకు మంచినీళ్లు కూడా దిగలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

"ఎట్టుండాది?"

ఎలిశబెతు కళ్లు నిండాయి. "కారం" అంది.

"మీ అత్తగారు ఊళ్లోనేనా?"

"ముత్తుకూరే. ఇంక ఆ ఊరు వదిలి ఎక్కడికీ పోదు."

"అదృష్టవంతురాలు. వయసొచ్చినాక ఒక చోట ఉండాల." పేరమ్మ మొగుడి ఆకులో ఇంకో చేప వేసింది. "నువ్వు చెక్కలు లెక్కపెట్టకుండా తిను."

వెంకయ్య తిన్నాడు. తిన్నాక మూత సంగతే మరిచిపోయి త్రేన్చాడు. వెంకయ్యా పేరమ్మా చేతులు కడుక్కోవడానికి పడవ ముక్కు వైపు వెళ్లారు. జకరయ్య నీళ్ల వైపు మొహం తిప్పుకున్నాడు.

ఎలిశబెతు ఆకులు తీసి, పెట్టె మీద ఒలికిన పులుసు చుక్కను కొంగుతో తుడిచి, మూతకు మొహం ఆనించి పైకే అంది: "తప్పు నాదే అత్తమ్మా, పులుసులో మామిడికాయ పడాల్సిందే."