నది ఇవతల

నెడ్రా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీసిన కాయను మధ్యకు విరిచి బల్ల మీది గిన్నెలో వేస్తోంది. గిన్నెలో నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి.

వెర్లిన్ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చాడు. చనిపోయిన ఆమె భర్తకు అన్న అతను. ఆమె పంది మాంసం వేసి ఉడికించే చిక్కుళ్ళ కోసం ప్రతి గురువారం వస్తాడు. తాగడానికి మాత్రం తన ఇంటి నీళ్ళు సీసాలో తెచ్చుకుంటాడు. ఉడికితే ఏ నీళ్ళయినా ఒకటేనట.

"ఇంకా ఈ బురదలోనే కడుగుతున్నావా?" అంటూ కుర్చీ లాక్కున్నాడు.

"కౌంటీ వాళ్ళు మంచినీళ్ళ పైపు వేసేదాకా ఇంతే, బావగారూ."

"దానికి రెండు వేల డాలర్లు కట్టాలి. ఈ నెలాఖరు దాటితే నీ ఇల్లు వదిలేసి ముందుకెళ్ళిపోతారు. మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తారో."

"తెలుసు."

"కోర్టులో గెలిచావుగా. ఆ కాగితం పైపులు వేసేవాళ్ళకి చూపించు, ఊరికే వేస్తారేమో."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. నెడ్రా ఇంకో కాయ తీసుకుంది.

బావి నీళ్ళలో తుప్పు పోగొట్టే యంత్రం కోసం ఆమె స్ట్రాబెల్ కంపెనీకి రెండు వేల రెండు వందల డాలర్లు కట్టింది. యంత్రం తొమ్మిది రోజులు పనిచేసింది. కంపెనీ నది అవతల ఒహాయోలో ఉంది, ఆమె ఇల్లు ఇవతల కెంటకీలో. చిన్న దావాల కోర్టుకు కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. జడ్జి పది నిమిషాల్లో ఆమెకే డబ్బు ఇవ్వాలన్నాడు. ఆ తర్వాత రాసిన ఆరు ఉత్తరాలకు ఒక్క జవాబూ లేదు.

"ఆ కాగితం విలువ నది గట్టు దాకానే," అన్నాడు వెర్లిన్. "అవతల మన జడ్జిని ఎవడు లెక్కచేస్తాడు? అక్కడ మళ్ళీ కోర్టు, మళ్ళీ ఫీజు, ప్లీడరు. హోటల్లో గిన్నెలు తోముకునేదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ?"

"కోర్టు ఆఫీసులో అమ్మాయి ఇంకో దారి చెప్పింది. కంపెనీకి చెందినదేదైనా నది ఇవతల ఉంటే చాలంది."

"ఏముంది ఇవతల? దుకాణముందా? లారీ ఉందా? బ్యాంకులో ఖాతా ఉందా?"

"అవేవీ లేవు."

"మరి?"

"వెతుకుతున్నా."

"వెతుకు, వెతుకు. చిక్కుళ్ళ గిన్నెలో కూడా చూడు." సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాడు. "ఏప్రిల్‌లో నా పెట్రోలు తగలేసుకుని నీ కోసం వాళ్ళ దగ్గరికి వెళ్ళానా లేదా? బల్ల గుద్ది మరీ అడిగాను."

"పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు."

"పెద్దమనుషులు. కాఫీ ఇచ్చారు, భోజనం పెట్టారు. యంత్రం తప్పేం లేదు, నీ బావిలోనే లోపముందని విడమరిచి చెప్పారు. నేను అప్పుడే చెప్పా, వదిలెయ్యమని. ఆడవాళ్ళకి చెబితే ఎక్కుతుందా?"

నెడ్రా తలెత్తి అతని చొక్కా వైపు చూసింది. కిటికీకి వేలాడుతున్న ఆమె తెల్ల పరదా ఎప్పుడో గోధుమరంగుకు తిరిగింది. దాని ముందు ఆ చొక్కా కొత్త కాగితంలా ఉంది.

"రెండు వారాల కిందట గిన్నె తిరిగివ్వడానికి మీ ఇంటికి వెళ్ళా. అక్క ఐసు వేసి నీళ్ళిచ్చింది," అంది.

వెర్లిన్ సీసా కింద పెట్టాడు. "కింది గదిలోకి గానీ వెళ్ళావా?"

"లేదు. ఫ్రిజ్ దగ్గరే నిలబడి తాగా."

"అదీ. కింద అంతా చెత్త. సర్దించాలి." మళ్ళీ కాళ్ళు చాపాడు. "పొయ్యి మీద ఎప్పుడు పెడతావు? ఆకలేస్తోంది."

"కాసేపు ఉంటారుగా?"

"తినకుండా ఎక్కడికి పోతాను?"

బయట కారు ఆగింది. కోర్టు కాగితాలు అందించే షెరీఫ్ ఆఫీసు మనిషి టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెర్లిన్ కళ్ళు మెరిశాయి.

"అయిపోయింది. అవతలివాళ్ళు నీ మీదే ఎదురు కేసు వేసినట్టున్నారు," అని గొంతు తగ్గించకుండానే అన్నాడు. "అయ్యా, ఈమే నెడ్రా పకెట్."

"నాకు కావలసింది వెర్లిన్ పకెట్. మూడుసార్లు మీ ఇంటికెళ్ళాను, లేరన్నారు. గురువారం ఇక్కడ దొరుకుతారని చెప్పారు. ఇక్కడ సంతకం పెట్టండి."

వెర్లిన్ పెట్టాడు. కలం తిరిగిచ్చాడు.

"ఏమిటిది?"

"కోర్టు ఉత్తర్వు. ఈ ముప్పయ్యో తారీఖున మీరు ఒకచోట రెండు వేల ఆరు వందలు కట్టాలి కదా. అందులో రెండు వేల రెండు వందలు అక్కడ కట్టకండి. మన కోర్టులో కట్టండి, ఈమెకు చేరుతుంది. కాదని అక్కడే కడితే, మళ్ళీ మీ జేబులోంచి ఈమెకు కట్టాల్సి వస్తుంది."

అతను వెళ్ళిపోయాడు. వెర్లిన్ కాగితం చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు. నెడ్రా ఆఖరి కాయ విరిచి గిన్నెలో వేసింది.

"మీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక బిల్లు ఉంది, బావగారూ. నీళ్ళు తాగుతూ చదివాను."

వెర్లిన్ లేచాడు. నీళ్ళ సీసా బల్ల మీదే వదిలేసి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.

అతని కింది గదిలో పెట్టిన నీళ్ళ యంత్రానికి వచ్చిన ఆ బిల్లు స్ట్రాబెల్ కంపెనీది.