మాల్‌బ్రూనో చావాల్సిన రోజు

"నాన్నా, రాజు లేడు!"

వెన్నెరా అరుపుకి బొమ్మలాట ఆడించే డాన్ నిత్తు చేతిలోని కాఫీ చొక్కా మీద ఒలికిపోయింది.

"ఏ రాజే?"

"ఇంకే రాజు! మాల్‌బ్రూనో! కొక్కెం ఖాళీగా ఉంది!"

తండ్రి తెర వెనక్కి పరుగెత్తాడు. గోడ పొడుగునా ఉక్కు కవచాలు తొడుక్కుని వేలాడుతున్న బొమ్మల మధ్య ఒక్క కొక్కెం బోసిగా కనిపించింది. నల్ల కవచం, శిరస్త్రాణం మీద నల్లకోడి ఈకల కుచ్చు, పట్టిన కత్తి వదలని పిడికిలి... కతానియా రేవు వీధి మొత్తం ఎనిమిది నెలలుగా పళ్లు నూరుతున్నది ఆ దుర్మార్గుడి మీదే. రోజుకింత చొప్పున సాగే ఆ కథలో వాడు సొంత అన్న కళ్లు పొడిపించాడు. పసివాళ్లను కోట గోడ మీంచి తోయించాడు. ఈ సాయంత్రం వీరుడు రినియేరి వాడి తల నరకాలి. అది చూడటానికి చేపల బజారు మధ్యాహ్నమే కట్టేస్తామన్నారు.

తల తెగితే కథ ముగిసినట్టే. ముగిసిన రోజున హాలు తాళాలు పుల్విరెంతి గారికి అప్పజెబుతానని నిత్తు చెయ్యి కలిపి మాటిచ్చాడు. హాలు ఆయనదే. అందులో సినిమా ఆడించాలని మిలాన్‌లో ఉన్న ఆయన బావమరిది ఒకటే పోరు. అయినా, కథ సగంలో ఉండగా బొమ్మలాటవాణ్ణి వీధిలోకి నెట్టే మగాడు ఆ ఊళ్లో లేడు. నెడితే మర్నాడు మంగలి కూడా గడ్డం గియ్యడు.

వెన్నెరా తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. "నిజం చెప్పు. నువ్వే దాచావా?"

"నీ మీద ఒట్టే! మాటిచ్చినవాణ్ణి, అంత సిగ్గుమాలిన పని చేస్తానా? జనం వచ్చేస్తారే, ఇప్పుడేం చెయ్యను?"

ఆయన ఖాళీ కొక్కేన్నే మళ్లీ మళ్లీ తడిమి చూశాడు. కూతురికి నమ్మకం కుదిరింది.

"తాళం పగల్లేదు, రాత్రి వెయ్యడం మరిచినట్టున్నావు. ముప్పై కిలోల ఇనప మనిషి, చంకలో పెట్టుకుపోలేరు. బండి కావాలి."

ఇద్దరి నోటా ఒకే పేరు వచ్చింది. "తూరి!"

బండి తోలే తూరి రోజూ రాజు మీదికి బూటు విసిరేవాడు. ఏదో ఒకనాడు వాడి మెడ నా చేత్తోనే విరుస్తానని మేరీమాత మీద ప్రమాణం కూడా చేశాడు.

వెన్నెరా వీధిలోకి దూకింది. హాలు ముందే పుల్విరెంతి గారు కారు ఎక్కబోతున్నాడు.

"ఏంటమ్మా ఆ పరుగు?"

"మాల్‌బ్రూనోని ఎవరో ఎత్తుకుపోయారండీ!"

"అయ్యయ్యో! అయితే ఇవాళ చావడా?" అన్నాడాయన. అంతలోనే, "ఆ దుప్పటి మీద చెయ్యి వెయ్యకమ్మా. కింద సినిమా సామాను, అద్దాలుంటాయి" అని వెనక తలుపు దగ్గరికి వేశాడు.

ఈ మనిషికి తన సినిమా గోలే తప్ప ఇంకోటి పట్టదని తిట్టుకుంటూ వెన్నెరా తూరి పాక వైపు పరుగు తీసింది.

"నేనా? నేను దొంగనా?" తూరి గుండెలు బాదుకున్నాడు. "ఆ కుక్క చావు కళ్లారా చూడాలని మా చెల్లి పెళ్లి వాయిదా వేయించానమ్మాయ్! మా ఆవిడ ఇంకా నాతో మాట్లాడట్లేదు!"

బండి బోర్లించి చూపించాడు. గడ్డి అంతా ఎగజిమ్మాడు. ఆ తర్వాత తనే వీధంతా కేకలేసుకుంటూ తిరిగాడు. పడవల కింద, మంచు పెట్టెల్లో, రొట్టెల పొయ్యిల్లో, చివరికి చర్చి గంట వెనకా వెతికారు. రాజు జాడ లేదు.

సాయంత్రానికి హాలు కిటకిటలాడింది. నిత్తు చేసేదేం లేక ఇంకో బొమ్మకు నల్లగుడ్డ చుట్టి దించాడు.

"ఏయ్, ఆ మొహం పెళ్లికొడుకుది!" తూరి లేచి నిలబడ్డాడు. "మొన్నటి ఆటలోనేగా పెళ్లి చేశారు! మేం బాదంపప్పులు కూడా చల్లాం!"

వేయించిన శనగలు వానలా వచ్చిపడ్డాయి. నిత్తు టోపీ తీసి తెర ముందుకొచ్చాడు.

"అయ్యలారా... మాల్‌బ్రూనో పారిపోయాడు."

విసరబోయిన శనగలు చేతుల్లోనే ఆగిపోయాయి. వెనక బెంచీ మీంచి ఎవరో అడిగారు.

"ఎటు?"

అంతే! వెన్నెరాకి దారి దొరికింది. ఆటలో ఆడవాళ్ల గొంతులన్నీ ఆమెవే. తెర వెనక నుంచి రాణి గొంతుతో ఎలుగెత్తింది.

"రినియేరీ! పిరికిపంద నీ కత్తికి జడిసి కొండల్లోకి పారిపోయాడు! వాడి తల తేకుండా నా గడప తొక్కకు!"

హాలు దద్దరిల్లిపోయింది. "ఎట్నా కొండ మీద వెతకండి!" "రేవులో ఓడలు ఆపండి!" "పట్టుకో రినియేరీ!" బెంచీలెక్కి మరీ అరుస్తున్నారు.

తూరి ముందు వరసలోకి తోసుకొచ్చాడు. "పుల్విరెంతి గారూ! వాడు బతికుండగా కథ ముగిసినట్టా? మీరే చెప్పండి!"

అందరి చూపులూ అటే. పుల్విరెంతి గారు గడియారం చూసుకున్నాడు, మొహం చిట్లించాడు, నుదురు తుడుచుకున్నాడు.

"మా బావమరిది నన్ను నమిలేస్తాడయ్యా! సర్లే, ఏం చేస్తాం. ముగియలేదు. వాడు దొరికేదాకా తాళాలు నీ దగ్గరే ఉంచు నిత్తూ."

టోపీలు గాల్లోకి లేచాయి. నిత్తు అందరి ముందూ భోరుమన్నాడు. తూరి ఆయన్ని భుజాల మీదికెత్తుకున్నాడు.

ఆ సందడిలో పుల్విరెంతి గారు టోపీ మర్చిపోయి వెళ్లిపోయాడు. వెన్నెరా అది తీసుకుని కారు దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"రేపు రినియేరి ఎటు వెళ్తాడమ్మా?"

"ఇంకా అనుకోలేదండీ."

"మెల్లగానే అనుకోండి. తొందరేం లేదు."

కారు కదిలింది. వెన్నెరా చెయ్యి ఊపుతూ వెనక అద్దంలోంచి లోపలికి చూసింది.

దుప్పటి అంచున నల్లకోడి ఈకల కుచ్చు ఊగుతోంది.