గాలి మేసే కారు

వీధి మలుపు తిరగబోతూ కారు గట్టిగా తుమ్మింది. ఇంకోసారి తుమ్మి, వణికి, రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది.

వంటింట్లో ఆ తుమ్ము విన్న ఆవిడ చప్పున స్టవ్వు ఆపేసింది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఒక చేత్తో పనిముట్ల పెట్టె, ఇంకో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని, పరుగులాంటి నడకతో మలుపు దగ్గరికి చేరింది.

స్టీరింగు ముందు గళ్ళచొక్కా మనిషి ఒకడు చెమటలు కక్కుతున్నాడు. ముప్పై దాటి ఉంటాడు. తాళం తిప్పుతాడు, ఇంజను దగ్గి చస్తుంది. మళ్ళీ తిప్పుతాడు. మధ్యమధ్యలో వెనక్కి చూసుకుంటాడు.

“అలా తిప్పుతూ పోతే బ్యాటరీ కూడా చస్తుంది. బానెట్టు తియ్యి బాబూ,” అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. “పర్లేదండీ, నేను చూసుకుంటా.”

“నీకు చూసుకోవడమే వస్తే ఈపాటికి ఊరు దాటేవాడివి. తియ్యి.”

అతను డ్యాష్‌బోర్డు కింద తడిమాడు. లైట్లు వెలిగాయి. వైపర్లు ఊగాయి. బానెట్టు మాత్రం కదల్లేదు.

“మోకాలి కింద చూడు. పిడి ఉంటుంది, లాగు.”

పెళ్ళికి ముందు పుట్టింటి వీధిలో ఆవిడ పేరు స్పానరమ్మ. నాన్నది మెకానిక్ షెడ్డు. తోటి ఆడపిల్లలు బొమ్మలకి జడలు వేస్తుంటే ఈవిడ కార్బురేటర్లు విప్పి కడిగేది. పెళ్ళయ్యాక ఆ చేతికి గరిటె తప్ప ఇంకోటి దక్కలేదు. ఆడవాళ్ళకి ఇంజను సంగతేం తెలుసన్నది ఆయనగారి సిద్ధాంతం.

“చోకు లాగి స్టార్ట్ చెయ్యి,” అంది.

వెతుక్కుని లాగాడు. ఇంజను బుద్ధిగా అందుకుంది.

“ఇప్పుడు లోపలికి నెట్టు.”

నెట్టగానే మళ్ళీ తుమ్ములు.

“చూశావా? చోకు లాగితే పెట్రోలు ఎక్కువ పోతుంది, దీనికి ప్రాణం లేచొస్తుంది. అంటే తిండి చాలట్లేదు. గాలి మేసి బతుకుతోంది.” ఇంజను ఆపించి, మచ్చుకి ఒక ప్లగ్గు విప్పింది. కొస సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. “లేత మట్టిరంగులో ఉండాలిది. ఎలా పాలిపోయిందో చూడు.”

“ఏదో ఒకటి చేసి పంపించండమ్మా. మా అత్తగారికి సీరియస్.”

“ఎక్కడుంటారావిడ?”

“చాలా దూరమండీ. రేపటికిగానీ చేరను.”

ఆవిడ మొహం చేటంతయింది. వెంటనే తమాయించుకుని, “అయ్యో పాపం,” అంది.

గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ మీద స్క్రూల తలలన్నీ అరిగిపోయి ఉన్నాయి. ఎవరో మహా మేధావి వాటితోనే ఏళ్ళతరబడి కుస్తీ పట్టాడు. జబ్బు అక్కడ లేదని ఆ బుర్రకి తట్టలేదు.

ప్లగ్గు బిగించి, ఇంజను ఆడిస్తూ ఆవిడ చెవి పెట్టి వింది. ఎక్కడో బుస్సుమంటోంది.

“లోపల దొంగ దూరాడు.”

గళ్ళచొక్కా చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది.

“గాలి సంగతి బాబూ. పక్కదారిన లోపలికి దూరుతోంది.”

సీసాలో నీళ్ళు అతుకు అతుకు మీదా చుక్కచుక్కగా పోసింది. బ్రేకుకి వెళ్ళే లావు రబ్బరు పైపు మొదట్లో పొయ్యగానే బుస ఆగింది. ఇంజను వణుకు ఒక్క క్షణం తగ్గింది. పైపు కొస ఎండి బీటలిచ్చింది.

“దొరికాడు!” ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇంజను ఆపించి, చాకుతో బీటలున్నంత మేరా కోసిపారేసి, మంచి రబ్బరు లోపలికి దిగ్గొట్టి, క్లిప్పు బిగించింది.

దూరంగా బైకు చప్పుడయింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. ఎవరో పేపరతను. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

“మావారు వచ్చే వేళయింది. జుట్టుకి రంగేయించుకోడానికి వెళ్ళారు.”

“చూస్తే కోప్పడతారాండీ?”

“కోపమైతే పర్లేదు, సలహాలిస్తారు. ఆయనకీ ఉందిలే ఒక కారు, మామగారి హయాం నాటిది. ఆదివారమైతే చాలు, దాని కిందే పడక. ఇంటికి చుట్టాలొస్తే నాకన్నా ముందు దాన్ని పరిచయం చేస్తారు. సినిమాకని బయల్దేరితే నేను తొయ్యాలి, ఎలా తొయ్యాలో ఆయన లోపల కూర్చుని చెప్పాలి. అమ్మెయ్యమంటే అన్నం మానేస్తారు.”

గళ్ళచొక్కాకి అంత కంగారులోనూ నవ్వొచ్చింది. మళ్ళీ తాళం తిప్పాడు.

ఆవిడ అరిగిన స్క్రూని బతిమాలి రవ్వంత తిప్పింది. ఇంకో రవ్వ. తుమ్ములు పోయాయి. ఇంజను పాలు తాగిన పిల్లిలా గురగురలాడింది. ఇంత కమ్మని గొంతా దీనిది! ఆవిడకి ఒక్క క్షణం మనసు పీకింది.

మరుక్షణం బానెట్టు దభీమని మూసేసింది.

“మీ మేలు జన్మలో మర్చిపోనమ్మా.”

“నువ్వు చేసేదాని ముందు ఇదెంత బాబూ.”

అత్తగారి సేవ గురించి అనుకుని అతను సిగ్గుతో తల దించుకున్నాడు.

“దారిలో ఎక్కడా ఆపకు. పెట్రోలు నిండుగా ఉంది.”

కారు మెత్తగా మలుపు తిరిగింది. చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. మిగిలిన నీళ్ళతో చేతుల జిడ్డు కడుక్కుని, ఇంటికెళ్ళి పెట్టె యథాస్థానంలో పెట్టి, స్టవ్వు వెలిగించింది. గొంతులోకి కాస్త ఏడుపు తెచ్చుకుని భర్తకి ఫోన్ చేసింది.

“ఏవండీ, నన్ను తిట్టకూడదు మరి... తాళంచెవి దానికే మర్చిపోయి లోపలికొచ్చానా, తిరిగి వెళ్ళి చూసేసరికి మన కారు లేదండీ!”